ఉప్పు ముట్టి కలిపిన మంద

పోయిన వారం హేమావతిని ఉప్పు పళ్లెం ముందర నిలబెట్టి వదిలేశాం. ఆమె అక్కడే ఆగిపోయి, చెయ్యి వెనక్కి తీసుకుని ఉంటే ఈ వారం మనకు రాసే పనీ చదివే పనీ ఉండేది కాదు. ఆగలేదు. వేళ్లు ఉప్పులో పెట్టి, "మా మందలో రోగం లేదు" అని ఊరి కాపరులందరి ముందరా చెప్పేసింది. అంతకు ముందే, ఈరప్ప తనిఖీకి వస్తున్నాడని తెలిసి, తండ్రి తిప్పేష్ సంతలో కొన్న నాలుగు గొర్రెల ముక్కులు తడిగుడ్డతో తుడిచింది కూడా తనే.

కొత్తగా ఈ కథలోకి వచ్చినవాళ్ల కోసం ఒక్క మాట. మడకశిర పక్కనున్న ఆ ఊళ్లో వానలు ముఖం చాటేసిన ఏడాది, గొర్రెలున్న ఇళ్లన్నీ మందలు ఒకటిగా కలుపుకొని, కణేకల్ కాలువ కింది పచ్చిక కోసం నడుచుకుంటూ పోతాయి. ఒంటరి కాపరిని దారిలో ఎవరూ పొలంలో నిలవనివ్వరు. కుక్కల బాధ, దొంగల బాధ సరేసరి. అందుకే కలిసి పోవాలి. కలిపే ముందు మందల పెద్ద ఈరప్ప ప్రతి గొర్రె నోరూ ముక్కూ చూస్తాడు. తర్వాత ఇంటికొకరు ఉప్పు ముట్టి చెప్పాలి. కాగితాలు, సంతకాలు ఆ ఊళ్లో ఎవరూ అడగరు. ఉప్పు ముట్టి చెప్పాక ఇంక ప్రశ్న లేదు.

తిప్పేష్ ఆ పొద్దున కావాలనే ఎక్కడికో పని పెట్టుకుని తప్పుకున్నాడు. ముందు రాత్రి మాత్రం కూతురి ముందర కూర్చుని ఏడ్చాడు. మంద వెనకబడిపోతే ఇంటి దగ్గర గడ్డిపోచ లేదు, కసాయివాడికి తోలడం తప్ప దారి లేదు అన్నాడు. తండ్రి ఏడిస్తే ఏ కూతురైనా ఏం చేస్తుంది? హేమావతి కూడా అదే చేసింది. తిప్పేష్‌తో సహా మగవాళ్లు మందతో వెళ్లి వారం దాటింది. ఆ వారమంతా ఆమె కూరలో ఉప్పు వేసుకోవడానికి కూడా ఇబ్బంది పడింది.

ఇక ఈ ఆదివారం సంగతి.

మడకశిరలో ఒక ప్రైవేటు స్కూల్లో హేమావతి ఇంగ్లీషు చెబుతుంది. ఆదివారాలు మాత్రం ఊళ్లోనే, గొర్రెల సంఘం ఆడవాళ్లకు చెబుతుంది. వచ్చే నెల అనంతపురంలో ఒక పెద్ద సభ ఉంది. ఎక్కడెక్కడి దేశాల నుంచో గొర్రెలూ మేకలూ కాసేవాళ్లు వస్తున్నారట. కరువులో మందలెట్లా కలుపుకుంటారో వాళ్ల ముందర ఈ ఊరి ఆడవాళ్లే లేచి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పాలి. అందుకే ఈ చదువు.

తరగతి జరిగేది పాలకేంద్రం గదిలో. పొద్దున పాలు పోసేవాళ్లు వెళ్లిపోయాక గది ఖాళీ. గోడమీద నల్లబల్ల ఉంది. గది నిండా పుల్లటి పాలవాసన. హేమావతి పాల వెన్నశాతాలు చెరిపేసి, తెలుగు అక్షరాల్లోనే ఇంగ్లీషు మాటలు వరసగా రాసింది. మీట్. గ్యాదర్. అసెంబుల్. మిక్స్. మింగిల్. మెర్జ్. జాయిన్.

"ఇవన్నీ ఏమ్మీ?" అంది లక్ష్మక్క. ఆమె ఈరప్ప భార్య. సభలో ముందు లేచి మాట్లాడాల్సింది ఆమే. "మేము చెప్పేది ఒగటే గదా. గొర్లు కలుపుకుంటాం, పోతాం, వస్తాం. దానికి ఇన్ని మాటలా?"

"అన్నీ కలిసేదే అత్తా. యాడ ఏది వాడాలో, అదొక్కటే తెలిస్తే సాలు."

"మనకు మాత్రం తక్కువనా?" అని గోడకానుకుని కూర్చున్న నల్లమ్మవ్వ అందుకుంది. పళ్లు లేకపోయినా ఆమె నోటికి ఎదురులేదు. "పెండ్లికి కూడతాం. సావుకు చేరతాం. కొట్లాటకు గుంపు కడతాం. పోలీసు వస్తే చెదురుతాం."

"చెదిరేది వచ్చే వారం అవ్వా" అని హేమావతి నవ్వబోయింది. నవ్వు సగంలోనే పోయింది. ఈ మధ్య ఆమెకు ఏ నవ్వూ పూర్తిగా రావడం లేదు.

ఆమె పాఠం చెప్పే పద్ధతి ఒకటుంది. మాట నేర్చుకున్నవాళ్లు తమ బతుకులోంచి ఒక వాక్యం చెప్పాలి. పుస్తకంలో ఉన్న రాము, సీత పనికిరారు. స్కూల్లో పిల్లలకు ఇదంటే విసుగు. ఈ ఆడవాళ్లకు మాత్రం భలే ఇష్టం, ఎందుకంటే ఇంగ్లీషు పేరు చెప్పి ఊళ్లోవాళ్ల సంగతులన్నీ మాట్లాడుకోవచ్చు.

మీట్‌కు లక్ష్మక్క వాక్యం చెప్పింది. ఐ మెట్ మై సిస్టర్ ఇన్ మడకశిర బస్టాండ్. చెప్పి, ఆ చెల్లెలు పలకరించకుండా మొహం తిప్పుకొని పోయిన వైనం తెలుగులో పూర్తిచేసింది. గ్యాదర్‌కు నల్లమ్మవ్వ లేచింది. "ట్యాంకర్ కమ్. ఉమెన్ గ్యాదర్. ఆల్ ఫైట్." గది గొల్లుమంది. ఇంతకంటే మంచి వాక్యం తన స్కూల్లో ఇంగ్లీషు మీడియం పిల్లలు కూడా చెప్పలేదని హేమావతి ఒప్పుకుంది.

"అయితే అసెంబులూ గ్యాదరూ ఒగటే గదా?" అంది లక్ష్మక్క.

"కాదత్తా. ఎవురూ పిలవకపోయినా పోగైతే గ్యాదర్. గంట కొట్టి పిలిస్తే, ఒగ పని మీద నిలబడితే అసెంబుల్. ఇస్కూల్లో పిలకాయలు ప్రేయర్‌కు నిలబడతారే, అట్ల."

"మజ్జిగలో నీళ్లు?"

"అది మిక్స్. మళ్లా విడదీయలేం."

"మరి గొర్లు?"

హేమావతి సుద్దముక్కతో మింగిల్ కింద గీత గీసింది. "గొర్లు మింగిల్. ఒగటిగా మేస్తాయి, ఒగటిగా పడుకుంటాయి. అయినా ఎవురివి వాళ్లకు తెలుస్తాయి. చెవికి గాటు ఉంటాది గదా. వేరు చెయ్యాలనుకుంటే చెయ్యొచ్చు."

"చెయ్యాల్సొచ్చె గదా మల్ల" అంది నల్లమ్మవ్వ గొణుగుతున్నట్టు. లక్ష్మక్క ఆమె మోకాలి మీద గట్టిగా తట్టింది. హేమావతికి అది కనిపించింది, అర్థం మాత్రం కాలేదు. అడిగి ఉండాల్సింది. అడగడానికి భయమేసింది. తప్పు చేసినవాడికి ప్రతి గుసగుసా తన గురించే అనిపిస్తుంది కాబోలు.

అప్పుడే ఎలిజబెత్ వచ్చింది. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది, తెల్లచీర, చేతిలో బైబిలు సంచి. ప్రతి ఆదివారం ఇదే సమయానికి వచ్చి, లక్ష్మక్క పక్కన చోటు చూసుకుని కూర్చునేది. ఇవాళ గడప దగ్గరే ఆగి అక్కడే కూర్చుంది. ఎవరూ జరగలేదు. ఎవరూ రమ్మనలేదు.

ఎలిజబెత్ భర్త జోయల్. కూలికి పోతూ, పోతూ, ఒక్కొక్క గొర్రెపిల్లనూ పెంచి చిన్న మంద చేసుకున్నాడు. ఎన్నో ఏళ్లుగా కలుపుకోమని అడుగుతూనే ఉన్నాడు. ఏదో ఒక వంక చెప్పి పెద్దలు తప్పించుకుంటూనే ఉన్నారు. ఆ వంకల వెనక అసలు కారణమేమిటో ఊళ్లో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. చివరికి ఈ ఏడు లక్ష్మక్క మొగుడితో కొట్లాడి మరీ కలిపించింది.

హేమావతి తల తిప్పుకుని బల్ల వైపు చూసింది. చివరి మాట మిగిలి ఉంది. పాఠం పాఠమే కదా అనుకుంది.

"జాయిన్ అంటే, ముందే ఒగ గుంపు ఉండాది. దాన్లోకి కొత్తగా చేరేది. ఎవురు చెప్తారు?"

ఎలిజబెత్ లేచి నిలబడింది. ఇంటి దగ్గర బట్టీ పట్టినట్టుంది, తప్పు పోకుండా మెల్లగా చెప్పింది.

"వీ జాయిన్డ్ ద ఫ్లాక్ దిస్ ఇయర్. వీ ఆర్ వెరీ హ్యాపీ."

చెప్పి కూర్చోలేదు. నిలబడే ఉంది. కళ్లలో నీళ్లు నిండాయి.

"హ్యాపీనంట, హ్యాపీ!" నల్లమ్మవ్వ ఇక ఆపుకోలేకపోయింది. "మీరు సంతోషపడినారు, మేము మట్టి కొట్టుకుపోతాండాము. నా కొడుకు రెక్కలిరుచుకుని సాకినవి, ఆడ నోరు పూసి పడిపోతాండాయి!"

"అవ్వా!" లక్ష్మక్క కసిరింది.

"ఏం, చెప్పగూడదా? ఈ పొద్దు పొద్దున నీ మొగుడు ఫోను చేసి నీకి చెప్పల్యా? గొర్రెపిల్లలు పాలు తాగల్యా. పెద్దవాటికి ముక్కులు కారతాండాయి, నోర్లు పూసినాయి, కడుపు జారి పారుకుంటాండాయి. రెండు సచ్చినాయి. ఇన్నేండ్లూ ల్యానిది ఈయేడే ఎట్ల వచ్చె? ఈయేడు కొత్తగా వచ్చినోళ్లు ఎవురు?"

హేమావతి చేతిలో సుద్దముక్క విరిగింది. రోగం. మందంతా పాకింది. తను తుడిచిన ఆ నాలుగు ముక్కుల్లోంచే పాకింది. వారం రోజులుగా ఆమె తనకు తాను ఒక కథ చెప్పుకుంటూ వచ్చింది. ఏదో పడిశమై ఉంటుంది, దుమ్ముకు కారి ఉంటుంది, నడకలో తగ్గిపోతుంది అని. ఆ కథ ఇప్పుడు ఆమె కాళ్లకిందే కూలిపోయింది.

"మగోళ్లు ఆడ కూర్చుని మాట్లాడుకున్నారు" అంది లక్ష్మక్క తలెత్తకుండా. "జోయల్ మందను వేరు చేసి పంపించేస్తారంట, ఈ పొద్దే. నేనేమీ అనల్యా ఎలిజబెత్తూ. నేనే గదా మిమ్మల్ని కలుపుకోమని కొట్లాడింది. ఇప్పుడు అందరూ నా మొగాన ఉమ్ముతాండారు."

"యాడికి పోవల్ల మా ఆయన?" అంది ఎలిజబెత్. "ఈ ఎండలో ఒంటిగా మందను తోలుకుని యాడికి పోవల్ల? రోగం మంద అని పేరు పడితే ఏ ఊరోళ్లు బోరు కాడికి రానిస్తారు? ఒగ బిందె నీళ్లు పోస్తారా?"

ఆమె బైబిలు సంచి గడప మీద పెట్టింది.

"మా గొర్ల నోర్లు ఈరప్పన్న రెండుసార్లు చూసినాడు. మీ అందరివీ ఒగసారి చూసి, మావి మళ్లా పిలిచి రెండోసారి చూసినాడు. నేను పక్కనే ఉండా. ఏమీ అనుకోల్యా. చూడనీలే, నమ్మకం కుదరనీలే అనుకున్నా. ఉప్పు గూడా నేనే ముట్టినా."

ఇప్పుడు చెప్పాలి. హేమావతికి తెలుసు, ఇదే సమయమని. నోరు తెరిస్తే ఒక్క వాక్యం. కానీ ఆమె ఏం చేసిందో వినండి. వెనక్కి తిరిగి, సగం విరిగిన సుద్దముక్కతో, బల్లమీద 'యునైట్' అని రాసింది. అక్షరాలు వంకర పోయాయి. "తర్వాతి మాట ఇది" అంది. తన గొంతు తనకే అసహ్యంగా వినిపించింది.

అందరూ ఆమె వైపు వింతగా చూశారు.

"ఆ మాట ఎలక్షన్లకు రావొచ్చు, మనకొద్దు" అంది లక్ష్మక్క అలసటగా. "అమ్మీ, ఇంగ ఒగ పని చెయ్. సభలో ఎలిజబెత్తు చెప్పేదాన్ని తీసెయ్. కొత్తోళ్లను కలుపుకున్నాం అనేది వద్దు. ఆ జాయిన్ అనే మాటే చెరిపెయ్. వాళ్లు మళ్లా అడిగితే ఏమి చెప్పల్ల మేము?"

హేమావతి డస్టరు చేతిలోకి తీసుకుంది. నిజంగానే తీసుకుంది. ఆ మాట దాకా చెయ్యి ఎత్తింది కూడా.

"మేడమ్" అని పిలిచింది ఎలిజబెత్.

ఆ గదిలో హేమావతిని మేడమ్ అని మనసారా పిలిచేది ఆమె ఒక్కతే. మిగతావాళ్లది వేళాకోళం.

"కలిసేదానికి ఇన్ని మాటలు నేర్పించినారు. కలుపుకున్నోళ్లను మళ్లా బయటికి తోసేదాన్ని ఏమంటారు ఇంగ్లీషులో? అదొక్కటి చెప్పండి. ఆ సభలో నేను లేచి ఆ వాక్యం చెప్తా. మా బతుకులో ఉండేది అదే గదా."

హేమావతికి ఆ మాట తెలుసు. ఒకటి కాదు, నాలుగైదు తెలుసు. ఎత్తిన చెయ్యి దించింది. డస్టరు బల్ల అంచున పెట్టబోతే జారి కిందపడింది. దాన్ని తీయడానికి ఆమె వంగలేదు.

"రోగం జోయలన్నది కాదు" అంది. "మాది."

నల్లమ్మవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఏమంటాండాది?"

"మా నాయన సంతలో నాలుగు గొర్లు కొన్నాడు. తక్కువకొచ్చినాయని కొన్నాడు. తోలుకొచ్చిన దినం నుంచే వాటికి ముక్కు కారతాండాది. నాకు తెలుసు. ఈరప్ప మామ చూసేకి వస్తాండాడని నేనే తడిగుడ్డతో తుడిచినా. ఉప్పు ముట్టి అబద్ధం చెప్పినా."

ఇంతే. వారం రోజులు మోసిన బరువు, చెప్పడానికి నాలుగు ముక్కలు. బరువు దిగిపోతుందని ఆమె అనుకుంది. దిగలేదు. ఎదురుగా ఉన్న ముఖాలు చూశాక ఇంకా పెరిగింది.

లక్ష్మక్క లేచి ఆమె ముందుకొచ్చింది. కొడుతుందేమో అనుకుంది హేమావతి. కొట్టినా బాగుండేది. లక్ష్మక్క ఆమె కుడిచేతిని పట్టుకుని, అరచేయి తిప్పి చూసింది, అక్కడ ఇంకా ఏదైనా అంటుకుని ఉందేమో అన్నట్టు.

"ఈ చేత్తోనేనా?" అంది. "నీకి నేను నీళ్లు పోసినా చిన్నప్పుడు. మీ యమ్మ పోయిన దినం నిన్ను నా ఒళ్లో పండుకోబెట్టుకున్నా. నా ముందర, ఈ చేత్తో?"

"నాయన ఏడ్చినాడత్తా. మంద వెనకబడితే కసాయోనికి తోలల్ల అని..."

"మా ఆయన గూడా ఏడుస్తాడు" అంది ఎలిజబెత్ గడప దగ్గర నుంచి.

ఆ ఒక్క మాటతో హేమావతి సాకులన్నీ అయిపోయాయి. నిజానికి ఆమె దగ్గర అంతకు మించి సాకులు లేవు కూడా.

"ఆ నాలుగు గొర్ల రోగమేనా మావాటికి అంటుకునింది" అని నల్లమ్మవ్వ ఇంకా లెక్క తేల్చుకుంటోంది. "అంటే నా కొడుకు గొర్లు సచ్చేది నీ వల్లనా? నీ వల్లనా అమ్మీ? బి.ఏ. సదివి, ఇంగ్లీషు సెప్పి..." ఆమె చెంగుతో ముఖం కప్పుకుంది. నోటి దురుసు మనిషి ఏడిస్తే చూడటం కష్టం.

ఎలిజబెత్ మాత్రం ఏడవలేదు. తిట్టలేదు. గది మధ్యకు నడిచి వచ్చింది. ఇందాక గడప దగ్గర ఆగిపోయిన మనిషి ఇప్పుడు నేరుగా బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"ఇదంతా మళ్లా మాట్లాడుకోవచ్చు" అంది. "ముందు ఫోను చెయ్యండి. మా ఆయన్ను పంపకముందే చెయ్యండి. రోగం యాడిదో తెలిస్తే పశువుల డాక్టరుకు గూడా పని సులువు. ఆ నాలుగింటిని పక్కకు కట్టెయ్యమనండి. మిగిలినవాటికి సూదులేపించమనండి. ఇంగా మిగిలినవి శానా ఉండాయి."

లక్ష్మక్క ఈరప్పకు చేసింది. రింగు కాలేదు. మళ్లీ చేసింది. అందుబాటులో లేరని ఆడగొంతు చెప్పింది. ఎలిజబెత్ జోయల్‌కు చేసింది. రింగయింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. మళ్లీ ఎత్తలేదు. గొర్రెలు తోలేవాడి జేబులో ఫోను మోగినా వినిపించదులే అని ఎవరో సర్దిచెప్పబోయారు. ఎలిజబెత్ పట్టించుకోలేదు.

"మీ నాయనకు చెయ్" అంది లక్ష్మక్క హేమావతితో. "నీ ఫోనైతే ఎత్తుతాడు. స్పీకర్ పెట్టు. మేమంతా ఇంటాం."

హేమావతి చేసింది. ఫోనును బల్ల ముందున్న పాలక్యాను మూత మీద పెట్టింది. నలుగురూ దాని చుట్టూ మూగారు. రెండో రింగుకే తిప్పేష్ ఎత్తాడు. వెనక గొర్రెల అరుపులు, గంటల చప్పుడు.

"అమ్మీ! నేనే నీకి చేద్దామనుకుంటాండా" అన్నాడు. గొంతు తగ్గించి, ఎవరికో దూరంగా జరిగి మాట్లాడుతున్నట్టుంది. కానీ ఆ గొంతులో ఏడుపు లేదు. చాలా రోజుల తర్వాత తేలికపడిన మనిషి గొంతు అది.

"నాయనా, ముందు నేను చెప్పేది..."

"నువ్వేం దిగులు పడొద్దు. అంతా సర్దుకునింది. పొద్దు పైకి రాకముందే జోయల్‌గాని మందను వేరు చేసి తోలేసినాం. అందరూ వానిదే తప్పంటిరి. వాడు ఒగ మాట మాట్లాడల్యా. తలొంచుకుని తోలుకుపోయినాడు. లెక్క గూడా చూసుకోల్యా." ఇక్కడ తిప్పేష్ చిన్నగా నవ్వాడు. "అదే మనకు మేలాయె. మన నాలుగింటికీ మన చెవిగాటు లేదు గదా. సంతలో కొన్నవాయె. వేరు చేసేటప్పుడు సందట్లో వాటినీ వాని మందలోకే తోలేసినా. ఇంగ రోగం వాంది, గొర్లు వానివి. మనకు పీడ వదిలిపాయె. నువ్వు మాత్రం ఆడ నోరు మెదపగాకు. ఇంటాండావా?"

లక్ష్మక్క గోడ పట్టుకుంది. హేమావతి చూపు ఎలిజబెత్ ముఖం వైపు పోలేదు, పోవడానికి ధైర్యం చాలలేదు. ముక్కు తుడిచిన పాపం తనది. ఇది తనది కాదు. కానీ తన అబద్ధం లేకపోతే దీనికి చోటెక్కడిది? తండ్రి పాపానికి దారి వేసింది తనే.

"తిప్పేషన్నా" అంది ఎలిజబెత్, ఫోను దగ్గరికి వంగి. "నేను జోయల్ పెండ్లాన్ని. మా ఆయన ఏ దారి పట్టినాడు?"

అవతల గొర్రెల గంటలు మాత్రం వినిపిస్తున్నాయి.

"నాయనా, జవాబు చెప్పు" అంది హేమావతి. "అందరూ ఇన్నారు. నేను అంతా చెప్పేసినా."

"ఏం చేస్తివే..." అన్నాడు తిప్పేష్. గొంతు ఒక్కసారిగా ముసలిదైపోయింది. "ఏం చేస్తివి అమ్మీ..."

"ఏ దారి, నాయనా?"

"రాయదుర్గం దారి" అన్నాడు. "వాణ్ణి ఆపండి. ఆ దారిన పోనీయొద్దు. ఈరప్ప ముందుండే ఊరోళ్లకు ఫోను చేసి చెప్పినాడు, రోగం మంద వస్తాండాది, పొలిమేర దాటనీయొద్దని. వాళ్లు కట్టెలు పట్టుకోనుండారంట." ఫోను తెగిపోయింది. తెగిందో, తెంచాడో.

లక్ష్మక్క "ఓ దేవుడా" అంటూ మొగుడికి మళ్లీ చేయడం మొదలుపెట్టింది. ఈరప్పే ఆ ఊరికి ఫోను చేశాడు కాబట్టి ఈరప్పే ఆపాలి. అందుబాటులో లేరని అదే ఆడగొంతు. నల్లమ్మవ్వ, ఇందాక ఎలిజబెత్‌ను తిట్టిపోసిన నల్లమ్మవ్వే, లేచి వచ్చి ఆమె భుజం పట్టుకుంది. ఏం చెప్పాలో తెలియక ఊరికే పట్టుకుని నిలబడింది.

"నేను పోతా అక్కా" అంది హేమావతి. "ఇప్పుడే బయలుదేరతా. ఆ ఊరోళ్ల ముందర నేనే చెప్తా, రోగం మాదని."

ఎలిజబెత్ ఆమెను చూసింది. అంతసేపట్లో మొదటిసారి నేరుగా చూసింది. కోపం ఉందో, జాలి ఉందో హేమావతికి తెలియలేదు.

"మీ మాట ఎవురు నమ్ముతారు?" అంది.

నిజమే. ఉప్పు ముట్టి అబద్ధం చెప్పిన మనిషిని ఎవరు నమ్ముతారు?

అప్పుడు ఎలిజబెత్ చేతిలోని ఫోను మోగింది. తెర మీద జోయల్ పేరు. ఆమె ముఖం విప్పారింది. "ఏమయ్యా, యాడుండావు, ఎన్నిసార్లు చేసినా..." అంటూ చెవికి పెట్టుకుంది.

మాట్లాడుతున్నది జోయల్ కాదు. చుట్టూ ఉన్నవాళ్లకు కూడా వినిపించేంత గట్టిగా ఎవరో కొత్త మనిషి అరుస్తున్నాడు.

"ఎవురమ్మా నువ్వు? ఈ ఫోను రోడ్డు మీద పడుండాది. నీ నంబరు నుంచి మోగుతాంటే ఎత్తినా. గొర్లన్నీ రోడ్డంతా నిలబడుండాయి, లారీలు ఆగిపోయినాయి. కాపరి కనపడల్యా. ఎంత పిలిచినా పలకల్యా. ఈడ రక్తం మాదిరి ఉండాది. ఎవురిదమ్మా ఈ మంద? ఎవురిది?"

ఎలిజబెత్ ఫోను చెవి దగ్గర నుంచి తీసి, హేమావతి చేతిలో పెట్టింది.

"మంద ఎవురిదని అడుగుతాండాడు" అంది. "చెప్పు."